ఎలుకల మీద ప్రయోగాలా, ఆరు నెలల కోర్సా? గుంటూరు నుంచి ఒక నాన్నగారి ప్రశ్న

గుంటూరు నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బీఫార్మసీ అయిపోయింది, ఎంఫార్మసీ ఫార్మకాలజీలో చేరి కీళ్లవాతం మందుల్ని ఎలుకల మీద టెస్ట్ చేస్తానంటోందట, ఈయనేమో హైదరాబాద్‌లో ఆరు నెలల ఫార్మకోవిజిలెన్స్ (మందుల సైడ్ ఎఫెక్టుల్ని గమనించే పని) కోర్సు చేయించి ఉద్యోగంలో పెట్టేద్దామని. రెండూ పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఒక లైను: "ఎలుకల్ని చంపే పని అంటే రేపు సంబంధాలు వస్తే ఏం చెప్పుకోవాలి?"

సార్, మీ అసలు ప్రశ్న ఇదేనండి. అమ్మాయికి ఉద్యోగం రాదేమోనని కాదు, నలుగురూ ఏమంటారోనని మీ భయం.

అక్కడేం చేస్తారో చెప్తా వినండి. వాపు తగ్గుతుందో లేదో త్వరగా చూడాలంటే ఎలుక కాలి పాదంలోకి వాపు తెప్పించే క్యారజీనన్ అనే పదార్థం ఎక్కిస్తారు, 1962 నుంచీ ఉన్న పద్ధతే, కొన్ని గంటల్లో తేలిపోతుంది. కీళ్లవాతం లాంటిది కావాలంటే ఫ్రాయిండ్స్ అడ్జువెంట్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, అది మూడు నాలుగు వారాల పని. చీలమండ దగ్గర మార్కర్‌తో గీత గీసి, పాదాన్ని ఆ గీత దాకానే వాపు కొలిచే ప్లెతిస్మోమీటర్‌లో ముంచి రీడింగ్ తీస్తారు. గీత చెరిగిపోయి చూసుకోలేదంటే ఆ పూట లెక్కంతా తప్పే. మనిళ్లలో మోకాళ్ల నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్‌నే పక్కన స్టాండర్డ్‌గా పెట్టుకుని కొత్త మందు దానికెంత దగ్గరికొచ్చిందో చూస్తారు. చివర్లో ఎలుకల్ని చంపి కీళ్లు చూడ్డం చాలా స్టడీల్లో ఉంటుంది, దాచను. కాకపోతే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ లేకుండా మొదలుపెట్టడానికి లేదు, ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి ఎలా తగ్గిస్తారు అన్నీ రాసివ్వాలి.

ఆ కోర్సు సంగతికొస్తే, నాకు మొదట్నుంచీ అనుమానమే. ఫార్మకోవిజిలెన్స్ మంచి ఫీల్డే, కానీ ఫ్రెషర్‌కి దొరికేది ఎక్కువగా కేస్ ప్రాసెసింగ్, అంటే సైడ్ ఎఫెక్ట్ రిపోర్టులు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి ఒక్కోదానికీ కోడ్ ఇవ్వడం, నైట్ షిఫ్టులు కూడా పడొచ్చు, పైగా ఇప్పుడు ఆటోమేషన్ ముందుగా తినేస్తోంది ఆ పనినే. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్న ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేసి, సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ నా ముందు కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను. బీఫార్మసీ చదివినవాళ్లని కంపెనీలే తీసుకుని ట్రైనింగ్ ఇచ్చుకుంటాయి, మధ్యలో వీళ్లకెందుకండీ డబ్బులు?

అలాగని ఎలుకలే గొప్పవని అనను. రోఫెకాక్సిబ్ అనే కీళ్లనొప్పుల మందు జంతువుల్లో వాపు బాగానే తగ్గించింది, తీరా గుండెపోట్ల ముప్పు బయటపడి 2004లో మార్కెట్ నుంచి తీసేశారు. మన దేశంలో కూడా 2023లో రూల్స్ మార్చి, జంతువులు లేకుండా చేసే టెస్టులకీ దారిచ్చారు. అందుకని అమ్మాయి సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాల్ని పెంచడం), స్టాటిస్టిక్స్ కూడా గట్టిగా నేర్చుకోవాలి, అప్పుడు రేపు పద్ధతి మారినా ఢోకా లేదు.

పూర్తిగా పోల్చి చెప్పలేదని మీకనిపించొచ్చు. ఫార్మకాలజీ చదివినమ్మాయి కావాలంటే తర్వాతైనా ఫార్మకోవిజిలెన్స్‌లోకి వెళ్తుంది, అటు నుంచి ఇటు రావడమే కష్టం, నా లెక్క అంతే. కంగారు పడకండి. సంబంధాల వాళ్లకి "మందుల రీసెర్చ్" అని చెప్పండి, అబద్ధమేం కాదుగా.

సీటు తీసుకునే ముందు మాత్రం అమ్మాయితో పాటు మీరూ కాలేజీకెళ్లి యానిమల్ హౌస్ చూపించమనండి. లోపల ఏసీ నడుస్తోందా, బోనుల్లో పొట్టు పొడిగా ఉందా, వాసన ముక్కు పగలగొడుతోందా చూడండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలీదంటే ఇంకో కాలేజీ వెతుక్కోండి.