మాయ అడ్డంగా ఉందన్నప్పుడు నేను పడ్డ పాట్లు

మీ రెండో కాన్పు, ఇరవయ్యో వారం టిఫా స్కానులో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాను) మాయ, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా, గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉందన్నారనీ, కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకుంటే పైకి జరుగుతుందని ఇంట్లో అంటున్నారనీ రాశారు. అది నిజమేనా, పుట్టింటికి ప్రయాణం చేయొచ్చా అని అడిగారు. ఆ దిండ్ల కాపురం నేనూ మూడు వారాలు చేశాను. మిగిలింది నడుం నొప్పి. మాయ పాకదు. నెలలు నిండేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగి, మాయ అంచు దూరమవుతుంది. మనం ఎటు తిరిగి పడుకున్నా దానికి పట్టదు. ఇరవయ్యో వారంలో ఇలా కనిపించిన చాలామందికి 32వ వారం స్కాను నాటికి సర్దుకుంటుంది. అంచు 2 సెంటీమీటర్లకు మించి దూరం జరిగితే సాధారణ కాన్పుకు అది అడ్డు కాదు.

నాకు సర్దుకోలేదు. 31వ వారంలో ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి పక్క తడిసి ఉంది. లైటు వేస్తే ఎర్రటి రక్తం. నొప్పి మాత్రం ఇసుమంత కూడా లేదు. "నొప్పులు లేవు కదమ్మా, తెల్లవారనీ" అన్నారు మా అత్తయ్యగారు. నాకూ నిజమే కదా అనిపించింది! ఈ సమస్యలో నొప్పి లేకుండానే రక్తం పోతుందని ముందే చదివి ఉండి కూడా. మావారు మా మాట వినకుండా 108కి ఫోను చేశారు.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నావిడ చేత్తో లోపలి పరీక్ష చేయబోయారు. మాయ అడ్డం ఉన్నప్పుడు అది చేయకూడదు, రక్తం ఉద్ధృతంగా పోవచ్చు. స్కాను కాగితం ఆవిడ చేతిలో పెట్టాక ఆగారు. అప్పటినుంచి ఆ కాగితం నా చేతిసంచిలోనే ఉండేది. లోపలి నుంచి చేసే స్కానుకు మాత్రం భయపడకండి, దూరం సరిగ్గా తేల్చేది అదే.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నాది నెగెటివ్ గ్రూపు కాబట్టి, బిడ్డ రక్తం మీద నా ఒళ్లు ఎదురుతిరగకుండా ఆపే యాంటీ-డి సూది ఇచ్చి, రక్తం ఆగాక ఆరో రోజు పంపించారు. ఊరికి తిరిగి వెళ్లలేదు. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఉన్న పిన్ని ఇంట్లో దిగాం. మీ పుట్టింటి ప్రయాణం కూడా ఈ లెక్కనే తేల్చుకోండి: అర్ధరాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు, రక్తం దొరికే చోటు ఎంత దూరం? మా గ్రూపు వాళ్ల ఫోను నంబర్లు నాలుగు గోడ మీద రాసి పెట్టారు మావారు. 36 వారాలు నిండాక సిజేరియన్ చేశారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. పాప 2.4 కిలోలు.

పూర్తిగా మంచానికే అతుక్కుపోవడం వల్ల మేలని రుజువు కాలేదని మా డాక్టరుగారు చెప్పారు. బరువులు, దూర ప్రయాణాలు, భార్యాభర్తల కలయిక మాత్రం వద్దన్నారు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకండి, ఒంటికి పట్టదు.

మీ మొదటి కాన్పు సిజేరియనా కాదా రాయలేదు. అయితే గనక, మాయ పాత కుట్టులోకి అతుక్కుందేమో ప్రత్యేకంగా చూడమని స్కాను చేసేవారిని అడగండి. అలా అతుక్కుంటే ఆ కాన్పు చిన్న ఆసుపత్రిలో అయ్యే పని కాదు, పెద్దచోటు ఇప్పుడే చూసుకోవాలి.