నాన్నగారి కోసం కత్తిరించిన ఫొటో

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. నా వయసు 29. మాది ఒంగోలు దగ్గరి పల్లె. మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా అక్కడ బాప్టిస్టు సంఘ కాపరి. రెండున్నరేళ్ళ క్రితం నాన్నగారు, సంఘ పెద్దలు కలిసి నన్ను దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు సేవకు పంపారు. చాట్స్‌వర్త్ అనే పేటలో తెలుగు మూలాలున్న కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేయడం, వాక్యం బోధించడం, పిల్లలకు మన కీర్తనలు నేర్పడం నా పని. వారానికి పదిహేను ఇళ్ళు తిరుగుతాను. అందరూ ఆదరిస్తారు, టీ ఇస్తారు, వింటారు. బాప్తిస్మానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. నాన్నగారు ప్రతి నెలా ఎంతమంది అని అడుగుతారు. ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని నాన్నగారు గుర్తుచేస్తారు. ఒకప్పటి తెలుగు బాప్టిస్టు మిషనరీ జాన్ రంగయ్య గారు వెళ్ళిన చోటికే నువ్వూ వెళ్ళావంటారు. నాలుగు నెలల క్రితం ఒక పెద్దావిడ ఇంట్లో ప్రార్థన చేసి, ఆ కుటుంబంతో దిగిన ఫొటోను నాన్నగారికి పంపుతూ ‘ఈ కుటుంబం ప్రభువును అంగీకరించింది’ అని రాశాను. వెనక గూట్లో వెలుగుతున్న వాళ్ళ దీపం కనబడకుండా ఫొటోను కత్తిరించాను. నాన్నగారు దాన్ని సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టించారు. ఆవిడ మనవడు ఆ తెలుగును ఫోన్‌లో అనువదించుకొని చదివాడు. ఇప్పుడు ఆ ఇంటి గేటు తెరవడం లేదు. ఆ వీధిలో మరో మూడు ఇళ్ళవారు కూడా నన్ను రావద్దన్నారు. నాన్నగారికి ఇదేమీ తెలియదు. ఇక్కడ సంఘం నిలబడేదాకా నా పెళ్ళి మాట ఎత్తనని నాన్నగారు చెప్పారు. నేను చాట్స్‌వర్త్ వదిలి ఫీనిక్స్ పేటలో కొత్తగా మొదలుపెట్టాలా, లేక ఇంటికి వచ్చేయాలా?

సమాధానం: ఫీనిక్స్ సంగతి మొదట తేల్చేస్తాను. వెళ్ళకండి. అక్కడివాళ్ళకు చాట్స్‌వర్త్‌లో అత్తగారిల్లు ఉంటే ఫీనిక్స్‌లో ఆడపడుచు ఉంటుంది. మీరు అడుగుపెట్టేసరికి మీ ఫొటో మీకంటే ముందే చేరి ఉంటుంది. ఇంటికి వచ్చేయాలా అన్నదానికి ఇప్పుడే జవాబు చెప్పను. ఈ పరిస్థితిలో వస్తే పారిపోయి వచ్చినట్లు, ఉంటే దాక్కుని ఉన్నట్లు.

మీ ఉత్తరంలో ‘నాన్నగారు’ అన్న మాట ఎనిమిది సార్లు వచ్చింది. ఆ పెద్దావిడ మీతో ఏమన్నదో ఒక్కసారి కూడా రాలేదు. రెండున్నరేళ్ళు ఇంటింటికీ తిరిగిన మనిషి ఉత్తరంలో ఆ ఇళ్ళ మనుషులు ఒక్కరూ కనబడకపోవడం నన్ను ఆ ఫొటో కంటే ఎక్కువగా కలవరపెట్టింది. మీరు వాళ్ళ సోఫాల్లో కూర్చుని టీ తాగుతున్నా, మనసులో మాత్రం మీ ఇంటి వరండాలో తండ్రి ఎదుట చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. (ఇళ్ళకు వెళ్ళి మతం బోధించడం గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి. మీరు అవి అడగలేదు కనుక చెప్పను.)

మీరు ఎటువంటి ఇంటి దీపాన్ని కత్తిరించారో ఒకసారి చూడండి. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతంలోని చెరకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు, రైలు పనులకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వాళ్ళలో మన కోస్తా జిల్లాల వాళ్ళూ ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. తమ పూర్వులది ఏ ఊరో తెలుసుకోవాలని వెతికే మునిమనవలకు ఈనాటికీ ఆ నంబరే ఆధారం. ఆ తర్వాత ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించే 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం పుణ్యమా అని, డర్బన్‌లోని మ్యాగజీన్ బ్యారక్స్ వంటి చోట్ల తరాలుగా బతికిన వాళ్ళను ఖాళీ చేయించి 1960లలో చాట్స్‌వర్త్‌కు తరలించారు. మీ పెద్దావిడ అప్పుడు ఎక్కడ ఉండేదో, ఏ సామాను మోసుకుని ఆ పేటకు వచ్చిందో మీరెప్పుడైనా అడిగారా? 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నా ఆ ఇళ్ళలో తెలుగు మాట్లాడటం చాలావరకు పోయింది. పేరు చివర నాయుడు మిగిలింది, తమిళుల పురటాసి నెల ఉపవాసం మిగిలింది, గూట్లో దీపం మిగిలింది. ఒక కొడుకు చర్చికీ మరో కొడుకు గుడికీ వెళ్ళే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి కాబట్టి, వాళ్ళకు ఈ విషయంలో గాయాలు కొత్త కాదు. అయినా మీరు ప్రార్థన చేస్తానంటే కాదనకుండా కూర్చున్నారు. ఇంటికి వచ్చిన పిల్లవాడు దేవుడి పేరు తలిస్తే ఏ పెద్దావిడ వద్దంటుంది? ఆ మర్యాదను మీరు లెక్కలో వేసేశారు. ఒకప్పుడు ఓడ గుమాస్తా వేసిన నంబరు మీద ఇప్పుడు మీరు ఇంకో నంబరు వేశారు.

ఇక మీ నాన్నగారు చెప్పే 2,222 సంగతి. నేనూ ఆ జిల్లాలోనే పెరిగాను కాబట్టి ఆ కథ నాకూ తెలుసు. అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన పని చాలా ఏళ్ళు ఎంత మందకొడిగా సాగిందంటే, దాన్ని మూసేయాలా అని ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. 1876లో కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం బతిమాలినా, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున జరిగినదే మీ నాన్నగారు చెప్పే లెక్క. ఆ రోజు కూడా దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు, తెలుగు బోధకులే ఇచ్చారు. వాళ్ళకంటే ముందు యెర్రగుంట్ల పేరయ్య వంటి వాళ్ళు తమ బంధువుల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి ఏళ్ళ తరబడి మాట్లాడారు. మీ నాన్నగారికి అంకె గుర్తుంది, ఆ అంకె వెనక ఆపిన చెయ్యి గుర్తులేదు. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించి దేవుడి కోపానికి గురైన బైబిలు కథ ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

రంగయ్య గారి పోలిక కూడా కుదరదు. నేటాల్‌కు కూలికి వెళ్ళిన తెలుగు బాప్టిస్టులు తమకొక కాపరి కావాలని అడిగితే ఆయన 1903లో వెళ్ళారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లోని మనుషులు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన్ను పిలిచారు. మిమ్మల్ని పంపారు.

తండ్రి మాట జవదాటకపోవడం మంచి గుణమని నేను నమ్ముతాను. ఈ రోజుల్లో అలా అంటే నవ్వేవాళ్ళున్నా నాకేమీ సిగ్గు లేదు. కానీ మీరు చేసింది తండ్రి మాట వినడం కాదు, తండ్రికి ఇష్టమైన అబద్ధం వినిపించడం. నిజం తట్టుకోలేడని తేల్చేసి ఆ పెద్దమనిషిని మీరు చిన్నపిల్లవాడి కింద కట్టారు. ముప్పై ఏళ్ళు ఒకే పల్లెలో చావులకూ పెళ్ళిళ్ళకూ నిలబడిన కాపరి తన చేతుల మీదుగా జరగని గొప్ప ఏదో కొడుకు చేతుల మీదుగా జరగాలని ఆశపడి ఉండవచ్చు. ఆ ఆశను అర్థం చేసుకోండి, మోయనవసరం లేదు.

ఈ రాత్రే ఆయనకు ఫోన్ చేయండి. అమ్మ చేత చెప్పించకండి, వాట్సాప్‌లో రాయకండి. ‘నాన్నగారూ, ఆ ఇంటి గురించి నేను రాసింది నిజం కాదు, దీపం నేనే కత్తిరించాను, పేజీలోంచి తీయించండి’ అనండి, ఆపైన ఆయన ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వినండి. ఆదివారం సంఘంలో కూడా ఆ మాట చెప్పించమని అడగండి. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళివచ్చిన కూలి డబ్బుల్లోంచి మీ సేవ కోసం కానుక వేసిన స్త్రీలు ఉంటారు, ఆ ఫొటో చూసి వాళ్ళు సంతోషపడి ఉంటారు. కోపం వస్తే ఆయన కొంతకాలం మీతో మాట్లాడకపోవచ్చు. తండ్రులు కొడుకులతో మాట్లాడకుండా ఉండటం మన ఇళ్ళలో ఎవరూ చూడనిదా?

పేజీలోంచి ఫొటో పోయాకే పెద్దావిడ ఇంటికి వెళ్ళండి. ముందే వెళ్ళి క్షమించమంటే అది రెండో అబద్ధమవుతుంది. చేతిలో బైబిలు వద్దు. కత్తిరించని ఫొటోను, దీపంతో సహా, కాగితం మీద వేయించి తీసుకువెళ్ళండి. గేటు దగ్గరికి మనవడు వస్తే అతనికే మొదట చెప్పండి, ఎందుకంటే అవ్వ తరఫున అవమానపడినది అతను. లోపలికి రమ్మనకపోతే ఫొటో ఇచ్చి వచ్చేయండి. రమ్మంటే టీ తాగండి, ఆ రోజు ప్రార్థన చేయకండి, ఆవిడను మాట్లాడనివ్వండి. ఆరు నెలలు ఎవరికీ అంకెలు రాయకుండా అక్కడ ఉండి చూడండి. వెళ్ళాలా ఉండాలా అన్నది ఆ తర్వాత మీరే నిర్ణయించుకోగలుగుతారు.

పెళ్ళి సంగతి మీ మేనమామ గారికి అప్పగించండి. సంఘం నిలబడితేనే సంబంధం చూస్తాననడం జీతం ఆపినట్లుంది, ఆ మాట మీ నాన్నగారితో చెప్పగలిగిన చనువు ఆయనకే ఉంటుంది. పిల్లను చూసుకున్న రోజున ఆమెకు మాత్రం మీరే చెప్పండి, వారానికి పదిహేను ఇళ్ళు, ఇంటికో కప్పు టీ, ఇంతవరకు బాప్తిస్మాలేవీ లేవు అని. దానికి ఆ అమ్మాయి ఏమంటుందో విని, అప్పుడు మళ్ళీ రాయండి.