పాత కాంపాక్ట్ కెమెరాతో కర్నూలు వీధుల్లో ఫోటోలు తీయొచ్చా?

ఇంట్లో పదిహేనేళ్ల నాటి కాంపాక్ట్ ఉంది, అది ఫోకస్ పట్టేలోపు మనిషి దాటిపోతున్నాడు, కొత్తది కొనాలా అని అడిగారు. వద్దు. ఆటోఫోకస్ ఆపేయండి, సగం బాధ తీరుతుంది.

ఈ కెమెరాల్లో ఆలస్యమంతా ఫోకస్ వెతుక్కోవడంలోనే. 2009లో వచ్చిన కేనన్ ఎస్90, రికో జీఆర్ డిజిటల్ 3 చూడండి. రెండింటికీ వెడల్పు కోణంలో లెన్స్ 6 మిల్లీమీటర్లే, ఫోటో పట్టే చిప్, అంటే సెన్సర్, వేలిగోరంత. మీదీ ఆ కోవదే అయితే జూమ్ ముట్టుకోకండి. మాన్యువల్ ఫోకస్ 1.5 మీటర్లకు, ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్4కు పెట్టండి (ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది). ముప్పావు మీటరు నుంచి సందు చివరి దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఇంత లోతు రావాలంటే ఎఫ్16 కూడా చాలదు. ఎఫ్2కు తెరిచారా, ఫోకస్ 3 మీటర్లకు జరపాలి, ఒకటిన్నర మీటరు లోపలివి మసకేస్తాయి. కెమెరా ఆగి మళ్లీ వెలిగితే కొన్ని మోడళ్లలో ఈ దూరం చెరిగిపోతుంది. అందుకే అంతా కుదిరాక డయల్ మీది కస్టమ్ గుర్తులో దాచుకోండి. బీప్, ఫ్లాష్, ఎర్ర లైటు, తీసిన ఫోటో తెర మీద నిలవడం, నాలుగూ ఆపేయండి.

ఇక వెలుగు. పాతబస్తీ సందులో పొద్దున ఏడింటికి ఉగ్గాని బండి ఉందనుకుందాం. ఎండ సందు చివర నుంచి ఏటవాలుగా వస్తుంటుంది. ఎండకు వీపు పెట్టి నిలబడితే పొగ కనిపించదు. బండికి అవతలి వైపు వెళ్లి, ఎండకు ఎదురుగా, నీడగోడ వెనక వచ్చేలా నిలబడండి, పొగ తెల్లగా లేస్తుంది. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును ఎంత సున్నితంగా పడుతుందో చెప్పే అంకె) 80, ఎఫ్4, షట్టర్ 1/500 సెకను దగ్గర మొదలుపెట్టండి. పొగ మరీ తెల్లబడితే షట్టర్ వేగం పెంచండి. చిన్న సెన్సర్‌లో ఒకసారి తెల్లబడింది తిరిగి రాదు, నల్లబడింది కొంతైనా లాగొచ్చు. మాస్టరు ముఖం చీకటవుతుందనుకుంటాం గానీ, స్టీలు బేసిన్ మీద పడిన ఎండ కింద నుంచి గడ్డానికి తగులుతుంది. నానిన బొరుగులు రెండు చేతులా పిండేటప్పుడు వేళ్ల సందుల్లోంచి కారే నీళ్లు 1/500లో చుక్కలు చుక్కలుగా నిలబడతాయి, 1/125లో గీతలవుతాయి. మిరపకాయ బజ్జీ నూనెలో జారిన వెంటనే ఆవిరి ఒక్కసారి ఎగసి తగ్గుతుంది, మీ క్షణం అదే. బండి అంచుకు రెండడుగుల్లోపల మాత్రం పోవద్దు. నూనె తుంపర లెన్స్ మూసే రేకుల మీద పడితే జిగటపట్టి సగమే తెరుచుకుంటాయి.

మొదట ఉగ్గాని చెప్పి తినండి, తర్వాత 'అన్నా, ఒక ఫోటో తీసుకుంటా' అనండి. చాటుగా తీయడమే వీధి ఫోటోగ్రఫీ అనుకునేవాళ్లతో వేగలేం. పిల్లలకు రూపాయిచ్చి నవ్వించేవాళ్ల సంగతి చెప్పనే వద్దు.

తొమ్మిది దాటితే ఎండాకాలంలో ఇంటికి పొండి. నెత్తిన ఎండకు టోపీ, తలగుడ్డ కింద కళ్లు గుంటలవుతాయి. తప్పదంటే సందు నీడలో ఐఎస్ఓ 200, 1/250 సరిపోతుంది. ఐఎస్ఓ 800 దాటితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టే.

అసలు ఇసుక అంతకంటే శత్రువు. గాలి దుమ్ము రోజున లెన్స్ బయటికొచ్చి లోపలికెళ్లేటప్పుడు ఒక్క రేణువు ఇరుక్కున్నా లెన్స్ ఎర్రరే. జేబులో ఊరికే వేయకుండా జిప్ కవర్లో పెట్టండి. చౌక బ్యాటరీ ఉబ్బితే గూట్లోంచి ఊడదు, వాడని నెలల్లో తీసి పెట్టండి. ఎస్90 లాంటివాటికి 32 జీబీ దాటిన కార్డు వేయకండి. ఇక సీసీడీ అనే పాత రకం సెన్సర్ రంగులు అద్భుతమంటూ ఈ పాత డబ్బాలకు ఇప్పుడు రేట్లు పెంచేశారు. రంగు సీసీడీ వల్ల కాదు, కెమెరా లోపలి ప్రాసెసింగ్ వల్ల. ఆ మాట నమ్మి రెండోది కొనకండి.

ఫోటో బాగొస్తే బండి అన్నకు 4×6 ప్రింట్ ఇవ్వండి. ఇందులో ఒక మెలిక ఉంది. మీ కెమెరా ఫోటో 4:3, కాగితం 3:2. స్టూడియోలో కాగితం నిండా వేస్తే అడ్డం ఫోటోకు పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు ఎగిరిపోతుంది, అంటే ఆయన తలపాగాయో, కింద బజ్జీల పళ్లెమో. తీసేటప్పుడే పైన కాస్త చోటు వదలండి, లేదా పక్కల తెల్ల అంచు వదిలి మొత్తం ఫోటో పట్టేలా వేయమని స్టూడియోవాళ్లకు ముందే చెప్పండి.