మొదటిసారి వాక్యం చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ప్రభువు నామంలో నీకు శుభములు. వచ్చే నెల స్త్రీల కూడికలో వాక్యం చెప్పడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ పెద్దమ్మ సంతోషం చెప్పనలవి కాదు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఒప్పుకున్న మర్నాడే "నాకు అర్హత లేదు, ఇంకెవరినైనా చూసుకోమంటాను" అన్నావట. అది విన్నాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నీకు అర్హత ఉందని నచ్చజెప్పను తల్లీ. "నీకేం తక్కువ" అనేవాళ్లు నీ చుట్టూ చాలామందే ఉంటారు. "నేను ఎంతటివాడను" అన్న మోషేకు దేవుడిచ్చిన జవాబు అది కాదు. నువ్వు ఫరో ఇంట్లో పెరిగావు, చదువుకున్నావు అని ఆయన గుర్తుచేయలేదు. "నిశ్చయముగా నేను నీకు తోడై యుందును" అన్నాడు, అంతే. మోషే ఐదుసార్లు అడ్డం చెప్పాడు. నాలుగింటికి ఓపికగా జవాబు దొరికింది. ఐదోసారి, వేరే ఎవరినైనా పంపమన్నప్పుడే దేవుని కోపం రగిలింది. అప్పుడు కూడా అతని అన్న అహరోనును తోడిచ్చాడు. భయం ఉందని ఆయనతో చెప్పుకోవడానికీ, పని తప్పించుకోవడానికీ ఉన్న తేడా ఆ రెండు అధ్యాయాల్లో (నిర్గమ 3, 4) కనిపిస్తుంది. ఈ వారమే చదువు.

తయారీ గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. చిన్న భాగం తీసుకో, ఎనిమిది పది వచనాలు చాలు. 121వ కీర్తన ఎనిమిదే వచనాలు. మొదటిసారే ప్రకటన గ్రంథం జోలికి పోకు. పత్రికల్లోంచి, అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాల్లోంచి తీసుకుంటే, ఆ పత్రిక మొత్తం ఒకేసారి కూర్చుని చదువు. ఫిలిప్పీయులకు నాలుగు అధ్యాయాలే, పైకి చదివినా అరగంట పట్టదు. నోట్సు ఒక కాగితానికి మించనివ్వకు. ఇంట్లో పైకి చెప్పుకుంటే 15 నిమిషాలు రావాలి. అక్కడ వచనాలు తీయించి, వాళ్లు వెతుక్కునేసరికి 20 అవుతుంది. తీయించే వచనాలు నాలుగు దాటితే నువ్వూ తడబడతావు, వాళ్లూ అలిసిపోతారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నువ్వు తడబడతావని నా భయం కాదు. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు దారి పడతావేమోనని.

సౌలునూ, మిద్యానీయుల మీదికి దేవుడు పంపిన గిద్యోనునూ పక్కపక్కన పెట్టి చదువు. ఇద్దరి మొదటి మాట ఇంచుమించు ఒకటే. నా కుటుంబం ఎన్నిక లేనిది, నేను ఇంట్లో కడపటివాణ్ణి అంటాడు గిద్యోను (న్యాయాధిపతులు 6:15). నా గోత్రం చిన్నది, అందులో నా కుటుంబం మరీ చిన్నది అంటాడు సౌలు (1 సమూయేలు 9:21). వినడానికి రెండూ వినయంగానే ఉంటాయి. కానీ రాజును ఎన్నుకునే రోజున సౌలు సామానులో దాక్కున్నాడు. గమనించు, అప్పటికే దేవుడు అతనికి కొత్త మనసు ఇచ్చాడు, ఆత్మ అతని మీదికి వచ్చాడు. సహాయం అందాకే దాక్కున్నాడు.

తర్వాత గిల్గాలు అనే చోట జరిగింది చూడు (1 సమూయేలు 13). తాను వచ్చేదాకా ఏడు రోజులు ఆగమన్నాడు ప్రవక్త సమూయేలు. ఎదురుగా ఫిలిష్తీయులు, వెనక జారిపోతున్న జనం. మొదట 3,000 మందిని ఏర్పరచుకున్నవాడి దగ్గర చివరికి దాదాపు 600 మందే మిగిలారు. ఏడు రోజులు ఆగినా సమూయేలు రాకపోయేసరికి తానే బలి అర్పించాడు. అతను చెప్పిన కారణాలు చూడు: జనం చెదిరిపోతున్నారు, నువ్వు రాలేదు, శత్రువులు కూడుకున్నారు. అన్నీ నిజాలే. ఆ ఏడు రోజుల్లో ఒక్కసారైనా "ప్రభువా, నాకు భయంగా ఉంది" అని ప్రార్థించినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

గిద్యోను దగ్గర జనం ఇంకా ఘోరంగా తగ్గారు. 32,000 మందిలో 22,000 మంది ఇంటికి పోయారు, మిగిలిన 10,000 మంది 300 అయ్యారు. కానీ అతను తన భయాన్ని పదేపదే దేవుని దగ్గరికే మోసుకెళ్లాడు, గుర్తులు అడిగాడు. నీకు భయమైతే నీ పనివాణ్ణి తీసుకుని శత్రువుల దండు దగ్గరికి దిగి వినమని దేవుడే ఆ రాత్రి దారి చూపాడు. (గిద్యోను చివరిదాకా నిలిచాడని అనను. అతను చేయించిన ఏఫోదు (యాజకులు వేసుకునే వస్త్రం) జనానికి ఉరి అయిన సంగతి ఎనిమిదో అధ్యాయంలో ఉంది, అదీ చదవాలి.)

చేతకానివాణ్ణన్న భావం ఇద్దరికీ ఉంది. ఒకడు దాన్ని దేవునికి చెప్పాడు, ఒకడు జనం ముఖాల్లో కొలుచుకున్నాడు. సౌలు చివరికి "జనులకు జడిసి" అని తన నోటితోనే ఒప్పుకున్నాడు. అప్పుడు కూడా పెద్దల ఎదుట నన్ను ఘనపరచమని సమూయేలును బతిమాలాడు (1 సమూయేలు 15:24, 30). అల్పుణ్ణి అనుకునే మనసు మెప్పు కోసం అంతగా అలమటిస్తుందని ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది. నీ "అర్హత లేదు" ఎటు తిరిగి ఉందో నువ్వే పరీక్షించుకో. ఎవరూ లేని గదిలో, దేవుని ముందు కూడా అదే బరువుగా అనిపిస్తే అది ఆయనకు చెప్పాల్సిన సంగతి. ఫలానా ఆంటీ ముందు వరసలో కూర్చుంటుందని తలచుకుంటేనే బరువెక్కుతుంటే అది మనుషుల భయం. దాన్నీ ఆ పేరుతోనే ప్రార్థనలో చెప్పు.

ఇంకో పొరపాటు దీనికి ఎదురుది. "ఆత్మే నడిపిస్తాడు" అని చదవకుండా నిలబడటం. మత్తయి 10:19 పట్టుకుని అలా అంటారు. అది అధికారులకు అప్పగించబడి, సిద్ధపడే వ్యవధి లేని శిష్యులకు ఇచ్చిన మాట. నీకు నెల రోజులున్నాయి. "నీ నోరు బాగుగా తెరువుము" అన్న 81వ కీర్తన ప్రసంగం గురించి కాదు, పోషణ గురించి. చివరి వచనంలో గోధుమలు, తేనె ఉన్నాయి చూడు. యెరూషలేము గోడలు కట్టించిన నెహెమ్యాను చూసి నేర్చుకో. నీకేం కావాలని పారసీక రాజు అడిగిన క్షణంలో మనసులోనే చిన్న ప్రార్థన చేశాడు. కానీ దాని వెనక యూదుల కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా సుమారు నాలుగు నెలల ఉపవాస ప్రార్థన ఉంది. అధికారులకు లేఖలు, కలప కోసం రాజు అడవుల అధికారి ఆసాపు పేరట లేఖ, ఏమేం కావాలో అన్నీ ముందే తెలుసుకుని ఉన్నాడు.

ఆ రోజు లేవబోయే ముందు, శత్రువులు చుట్టుముట్టినప్పుడు యూదా రాజు యెహోషాపాతు చేసిన ప్రార్థన చాలు: "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు." నిలబడగానే మాట్లాడకు, ముందు వాక్యభాగం నిదానంగా చదువు. గొంతు వణికితే చదువులోనే సర్దుకుంటుంది. "నాకేం రాదు, తప్పులుంటే క్షమించండి" అని మొదలుపెట్టకు. అలా అంటే వినేవాళ్ల చూపు వాక్యం మీద నుంచి నీ మీదికి మళ్లుతుంది. మధ్యలో మర్చిపోతే కంగారుపడకు, తర్వాతి వచనం చదివి అక్కణ్ణుంచి సాగిపో. వణుకు పూర్తిగా పోకపోయినా పర్వాలేదు. పౌలు కొరింథుకు "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను" వెళ్లాడు. తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా దొరికింది "నా కృప నీకు చాలును" అన్న మాటే, ముల్లు మాత్రం ఉండిపోయింది.

ఒక అహరోనును వెతుక్కో. నీకు నమ్మకమైన అక్క ఎవరైనా నీ ఎదురుగా కూర్చుని ప్రార్థిస్తూ ఉండేలా ముందే అడుగు. తిండీ నిద్రా మానేసేంత భయమైతే మాత్రం దాచుకోకు, మీ అమ్మతో చెప్పు, అవసరమైతే డాక్టరుకు చూపించుకో. అలా చూపించుకుంటే విశ్వాసం లేదని ఎవరూ అనుకోరు.

అయిపోయాక ఆ రోజు ఎవరినీ "ఎలా ఉంది?" అని అడగకు. మెచ్చుకుంటే వందనాలు చెప్పి ఊరుకో. నీలో తప్పు ఎత్తిచూపినవాళ్ల మాట కాగితం మీద రాసుకుని మూడు రోజులాగి చూడు.

ఏ భాగం ఎంచుకున్నావో ఈ ఆదివారంలోగా రాయి. నోట్సు ఒక కాపీ పంపితే రిఫరెన్సులు సరిచూసి పంపుతాను. కూడిక ఎన్ని గంటలకో కూడా చెప్పు, ఆ వేళకు మేమిద్దరం ప్రార్థనలో ఉంటాం.

ప్రేమతో,
పెదనాన్న