స్మార్ట్ హోమ్ కోసం టాప్-అప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌ని, మావారు మెడికల్ షాపు నడుపుతారు. హైదరాబాద్ రోడ్డు వైపు జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. కింద మేము ఉంటాం, పై పోర్షన్ అద్దెకిస్తాం. గోడలు లేచాయి, కరెంటు పైపులు వేస్తున్నారు, ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదు. గచ్చిబౌలిలో పనిచేసే మా తమ్ముడు 'ఇప్పుడే స్మార్ట్ హోమ్ చేయించుకోండి, మ్యాటర్ అని కొత్త స్టాండర్డ్ వచ్చింది, ఇక పాతబడే టెన్షన్ లేదు' అంటున్నాడు. దానికి ఒకరు రెండు పోర్షన్లకూ కలిపి 2,60,000 కొటేషన్ ఇచ్చారు. ఇంకొకరు తమ సొంత యాప్‌తో 1,45,000కే చేస్తామన్నారు. హోమ్ లోన్ నా ఒక్కదాని పేరు మీదే ఉంది: 35 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు. ఇద్దరి ఆదాయం నెలకు 1,15,000. ఇంటి ఖర్చు 45,000, చిట్టీ 10,000. ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. పాప వచ్చే జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది. బ్యాంకువాళ్లు ఉన్న లోన్ మీదే టాప్-అప్ (అదనపు అప్పు) ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీయమంటారా?

జవాబు: మేడం, రెండూ వద్దు. అలాగని మీ తమ్ముడు చెప్పింది తప్పు కాదు. మ్యాటర్ మంచిదే. కాకపోతే అది కొనేటప్పుడు పెట్టుకోవాల్సిన షరతు. అది ఉంది కదా అని 2,60,000 ఖర్చు పెట్టడానికి కారణం కాదు.

ముందు అదేమిటో చూద్దాం. ఒకప్పుడు నోకియాకు సన్నపిన్ను, ఇంకో ఫోనుకు లావుపిన్ను ఛార్జర్లు ఉండేవి, ఇప్పుడు అన్నిటికీ సీ-టైప్ వచ్చింది కదా. ఫోన్‌తో నడిచే స్మార్ట్ బల్బులు, స్విచ్‌లు, తాళాల విషయంలో మ్యాటర్ చేయాలనుకుంటున్నది అదే. 2019 డిసెంబరులో అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ అనే కంపెనీల కూటమి కలిసి ఈ పని మొదలుపెట్టాయి. 2021లో దీనికి మ్యాటర్ అని పేరు పెట్టారు, ఆ అలయన్స్ కూడా కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్ అయింది. మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. మ్యాటర్ ముద్ర ఉన్న స్విచ్‌ని మీ ఫోన్‌లోని గూగుల్ హోమ్‌లోనూ, మీవారి ఫోన్‌లోని అలెక్సాలోనూ ఒకేసారి పెట్టుకోవచ్చు. రేపు ఐఫోన్ కొన్నా స్విచ్ మార్చక్కర్లేదు. ఆన్, ఆఫ్ ఆదేశాలు ఇంట్లోని నెట్‌వర్క్ మీదే నడిచేలా మ్యాటర్‌ను తయారుచేశారు, ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లిరావాల్సిన పని లేదు. గాలిదుమారానికి ఫైబర్ తెగినా, ఇంట్లో రౌటర్‌కు ఇన్వర్టర్ కరెంటు ఉండి, మీరు వాడే యాప్ ఇంటర్నెట్ లేకుండా నడిచేదైతే, ఫోన్‌తో లైటు వేసుకోవచ్చు. నోటితో చెప్పి వేయించుకోవడం మాత్రం చాలా స్పీకర్లలో ఇంటర్నెట్ ఉంటేనే కుదురుతుంది.

సొంత యాప్‌తో 1,45,000కే చేస్తామన్నవాళ్ల దగ్గర నాకు భయం ఇక్కడే. ఆ యాప్ వెనక సర్వర్ ఆగిపోతే మీ గోడలో మిగిలేది మామూలు స్విచ్, అది కూడా అదృష్టం బాగుంటే. ఇది ఊహించి చెప్తున్నది కాదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను (స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే డబ్బా) 300 డాలర్ల దాకా పెట్టి కొన్నారు. ఆ కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ 2014లో కొనేసింది, 2016 మే నెలలో సర్వీసు ఆపేసింది. కొన్నవాళ్ల చేతిలో ఒక డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇంకో స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు కూడా ముందు మాట చెప్పకుండానే ఆగిపోయాయి. తర్వాత కొందరు వాడకందార్లే కలిసి దాన్ని కొని మళ్లీ నడిపించారు. అందరికీ అలాంటి అదృష్టం పట్టదు.

మరి మ్యాటర్ పాతబడదా? పాతబడుతుంది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఫ్యాన్లు 1.2 వెర్షన్‌లో, 2023లో చేరాయి. సోలార్, బ్యాటరీలు 1.4లో, 2024లో చేరాయి. కెమెరాలైతే 2025 నవంబరులో వచ్చిన 1.5 దాకా ఆగాల్సి వచ్చింది. ఇవాళ కొన్న వస్తువు రేపటి వెర్షన్‌కు దానంతట అది మారదు. అప్‌డేట్ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. పైగా బేసిక్ పనులు మ్యాటర్‌లో నడిచినా, ఆ వస్తువుకున్న ప్రత్యేకమైన సదుపాయాల కోసం కంపెనీ యాప్ వేసుకోక తప్పని సందర్భాలు చాలా ఉన్నాయి. ఇవి ఎలక్ట్రానిక్ వస్తువులు. ఐదారేళ్లు, బాగా నడిస్తే ఎనిమిదేళ్లు ఉంటాయనుకుని లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు మీ లోన్‌కు వద్దాం. 8.5 శాతం మీద, 20 ఏళ్లకు, 2,60,000 టాప్-అప్ అంటే నెలకు సుమారు 2,256 రూపాయలు. చెవికి చిన్నగానే వినిపిస్తుంది. మొత్తం కట్టేది మాత్రం 5,41,000 దాటుతుంది. ఎనిమిదో ఏట ఆ స్విచ్‌లు తీసేసి కొత్తవి పెట్టుకుంటారు, పాతవాటికి ఇంకో పన్నెండేళ్లు ఈఎంఐ కడుతూనే ఉంటారు. 'మధ్యలో కట్టేస్తాం సార్' అని అందరూ అంటారు. పాప ఇంటర్, ఆ తర్వాత ఇంజనీరింగో మరొకటో వచ్చాక ఆ మధ్యలో కట్టే డబ్బు ఎక్కడిది?

ట్యాక్స్ కలిసొస్తుందని బ్యాంకులో ఎవరైనా చెప్పి ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. 35 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 2,95,000 అవుతుంది. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మినహాయింపు 2 లక్షల దగ్గరే ఆగిపోతుంది. కొత్త విధానంలో అదీ లేదు. పై పోర్షన్ అద్దెకిచ్చాక ఆ భాగం లెక్క వేరుగా వస్తుంది, దానికి మీ ఆడిటర్‌ని అడగండి. ఏదేమైనా, ట్యాక్స్ కోసం ఈ టాప్-అప్ తీసుకోవడంలో అర్థం లేదు.

ఎఫ్‌డీ సంగతి. 35 లక్షలకు ఈఎంఐ సుమారు 30,400, ఇంటి ఖర్చు 45,000. చిట్టీ కలపకుండానే నెలకు 75,000 దాటింది. ఆరు నెలల అత్యవసర నిధి అంటే 4,50,000 ఉండాలి. మీ దగ్గరున్నది 4 లక్షలు, అంటే ఇప్పటికే తక్కువ. షాపు ఆదాయం ఏ నెలకు ఆ నెల మారుతుంది కాబట్టి మీకు ఇంకా ఎక్కువే ఉండాలంటాను. అందులోంచే జూన్‌లో కాలేజీ ఫీజు తీయాలనుకుంటున్నారేమో కూడా. దాన్ని ముట్టుకోకండి. చిట్టీ ముందే పాడి ఎత్తుకుందామన్న ఆలోచన వచ్చినా, ఇలాంటి వస్తువు కోసం పాటలో డబ్బు వదులుకోవడం దండగ.

'కరెంటు బిల్లు తగ్గుతుంది, పెట్టింది వచ్చేస్తుంది' అనే మాట ఈ కొటేషన్లన్నిటిలో ఉంటుంది. లెక్క చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు, మన దగ్గర ఏడాదిలో తొమ్మిది నెలలు తిరుగుతాయనుకుంటే దాదాపు 580 యూనిట్లు మిగులుతాయి. నెలకు 200 యూనిట్లు దాటాక పడే 7.70 రేటు చొప్పున ఏడాదికి 4,500 రూపాయలు. ఇది నిజమైన పొదుపే, కానీ మిగిల్చేది మోటారు. వైఫై ఉన్నా లేకున్నా అంతే మిగులుతుంది. ఇక మర్చిపోయిన లైట్లు ఆర్పడం వల్ల వచ్చేదెంత? 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది, రోజూ ఐదు గంటలు ఊరికే వెలుగుతున్నాయనుకున్నా ఏడాదికి 164 యూనిట్లు. అవి ఆర్పడానికి గోడల్లో పెట్టిన పన్నెండు స్మార్ట్ మాడ్యూళ్లు (స్విచ్ వెనక పెట్టే చిన్న పరికరాలు), ఒక్కోటి ఒక వాట్ తీసుకుంటే, రాత్రింబగళ్లు కలిపి 105 యూనిట్లు తాగుతాయి. మిగిలింది చేతిలో లెక్కపెట్టుకోవచ్చు.

స్మార్ట్ మీద నేను ఒప్పుకునే పొదుపు ఒకటుంది. మనకు కరెంటు ఇచ్చే సదరన్ డిస్కం బిల్లులో నెలకు 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు 200కు పైగా తేడా. నెల చివర్లో ఎంత కాలిందో ఫోన్‌లో చూపించే ఎనర్జీ మీటర్ ఒకటి మెయిన్ బోర్డులో ఉంటే పనికొస్తుంది. అది ఒక్కటే, ఇంటినిండా కాదు. అదీ వద్దనుకుంటే వారానికోసారి మీటరు దగ్గరికెళ్లి రీడింగ్ రాసుకోండి, ఖర్చే ఉండదు.

కొటేషన్‌లో ముందుగా కొట్టేయాల్సింది పై పోర్షన్. అద్దెకుండేవాళ్ల లైట్లు, తాళం మీ ఫోన్‌లో ఉంటే వాళ్లకు ఇబ్బంది, వాళ్ల ఫోన్‌లో ఉంటే ఖాళీ చేసేటప్పుడు మీకు తలనొప్పి. దీనికోసం అద్దె ఎక్కువ ఇచ్చేవాళ్లు మన ఊళ్లో ఉంటారని నేననుకోను.

ఇక మీరు ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. అది గోడ లోపల. ప్లాస్టరింగ్ కాలేదని రాశారు, అదే మీ అదృష్టం. స్విచ్ వెనక పెట్టే స్మార్ట్ మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి ఫేజ్‌తో పాటు న్యూట్రల్ వైరు కూడా కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. ఒట్టి స్విచ్‌లే ఉన్న బోర్డులకు, ముఖ్యంగా మెట్ల దగ్గర, మంచం పక్కన, చాలామంది ఎలక్ట్రీషియన్లు వేయరు. ప్రతి బోర్డుకూ న్యూట్రల్ లాగమని చెప్పండి. బాక్సులు కాస్త లోతైనవి పెట్టించండి, మాడ్యూల్ వెనక పట్టాలి. హాల్లోకి, పై అంతస్తుకు, గేటు దగ్గరికి ఒక్కో క్యాట్-6 కేబుల్ (ఇంటర్నెట్ వైరు) పైపులో వేయించండి. ఎర్తింగ్ సరిగ్గా చేయించి, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది), పిడుగులు పడ్డప్పుడు ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌ను అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. మే నెల ఉరుములకు ముందు పోయేవి ఈ ఎలక్ట్రానిక్ స్విచ్‌లే. ఇదంతా కింద పోర్షన్‌కు నా అంచనాలో 30,000 దాటకూడదు. ఇల్లు ఉన్నన్నాళ్లూ ఉంటుంది కాబట్టి, దీన్ని ఇంటి బడ్జెట్‌లో కలపడానికి నాకు అభ్యంతరం లేదు. తర్వాత గోడ పగలగొట్టి చేయిస్తే ఖర్చు, దుమ్ము, మీవారి కోపం అన్నీ కలిపి ఎంతో మీకే తెలుసు.

బోరు మోటారును మాత్రం స్మార్ట్ ప్లగ్గుల జోలికి తీసుకెళ్లకండి. ట్యాంకు నిండగానే ఆపే మామూలు వాటర్ లెవెల్ కంట్రోలర్ దొరుకుతుంది. స్టార్టర్‌కు కలిపితే ఏ యాప్ లేకుండా పనిచేస్తుంది.

గృహప్రవేశం అయ్యాక ఒక ఎండాకాలం ఆ ఇంట్లో ఉండి చూడండి. ఏది నిజంగా అవసరమో అప్పుడు తెలుస్తుంది. నెలకు 3,000 ఆర్‌డీ కట్టండి. ఏడాదికి 36,000, పైన వడ్డీ. ఆ డబ్బుతో గేటు లైటు, బెడ్‌రూమ్ స్విచ్‌లు, కావాలంటే తలుపు తాళం, ఒక్కోటిగా కొనుక్కోండి. ఆ ఆర్‌డీ దాటి ఒక్క రూపాయి వద్దు.

కొనే రోజు డబ్బా మీద మ్యాటర్ గుర్తు చూడండి, అలయన్స్ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సర్టిఫైడ్ జాబితాలో ఉందో లేదో తమ్ముడితో చూపించుకోండి. థ్రెడ్ (వైఫై కాని ఇంకో రకం వైర్‌లెస్) అని రాసి ఉంటే, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే బోర్డర్ రౌటర్ ఉన్న స్పీకరో హబ్బో కావాలి. మీకు వైఫై రకమే సులువు, బోర్డర్ రౌటర్ అక్కర్లేదు. అయినా గూగుల్ హోమ్‌లోనో అలెక్సాలోనో మ్యాటర్ వస్తువు పెట్టాలంటే ఆ కంపెనీ స్పీకరో హబ్బో ఒకటి ఇంట్లో ఉండాలి. షాపులోనే రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ వైరు పీకించి స్విచ్ పనిచేస్తుందా అని అడగండి. ఫోన్ చచ్చిపోయినా గోడ మీద బటన్ నొక్కితే లైటు వెలగాలి, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు నరకం. ప్రతి వస్తువు మీదో దాని డబ్బాలోనో పదకొండు అంకెల కోడ్, క్యూఆర్ స్టిక్కర్ ఉంటాయి. బాక్సు మూసేముందు వాటిని ఫోటో తీసుకోండి. రేపు స్విచ్‌ని రీసెట్ చేసి మళ్లీ కలపాల్సి వస్తే ఆ కోడ్ కావాలి, అది గోడ లోపల ఉండిపోతే బోర్డు విప్పాల్సిందే. సెటప్ మీ ఫోన్ నంబరుతో, మీ అకౌంట్‌లోనే చేయించండి. పెట్టినవాడి అకౌంట్‌లో ఉంటే ఇంటి తాళం వాడి చేతిలో ఉన్నట్టే.

మీరు రాయలేదు కానీ అడుగుతున్నా: 35 లక్షల లోన్ మీ పేరు మీద ఉంది, మీకు టర్మ్ పాలసీ ఉందా? లేకపోతే ఆర్‌డీ కంటే ముందు అది. డిపార్ట్‌మెంట్ ఇచ్చే జీవిత బీమా ఈ అప్పుకు సరిపోతుందేమో కూడా చూసుకోండి.

ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్ సంగతి ఈ వారమే మాట్లాడండి, ప్లాస్టరింగ్ వాళ్లు దిగేలోపు. కింద పోర్షన్‌కు మాత్రమే, వైరింగ్ వరకే కొటేషన్ రాయించుకుని పంపండి, చూసి చెప్తాను.