అమ్మడూ, ఆ మూడు కీలూ ఈ రాత్రే తీసెయ్

అమ్మడూ,

మొన్న మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి నీ గొంతు వినిపించింది, "మళ్లీ 429 వస్తోంది" అని. పరిమితికి మించి అడిగితే సర్వర్ ఇచ్చే జవాబు కదా అది. నువ్వు పంపిన కోడ్ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. బాగా రాశావు. ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకి వాన సంగతి ముందే చెప్పాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఒక కుటుంబం ఏమైపోతుందో మన ఇంట్లో అందరం చూసినవాళ్లమే. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. వాతావరణం సర్వీసులో నాలుగు మెయిల్ ఐడీలతో నాలుగు ఉచిత ఖాతాలు తెరిచి, ఒక కీ (ఖాతాకి వాళ్లిచ్చే రహస్య సంకేతం) కోటా అయిపోగానే ఇంకోటి వాడుతున్నావు చూడు, అది తీసెయ్. ఒక్కటే ఉంచు.

నేనూ ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో ఒక మ్యాప్ సర్వీసుకి ఐదు కీలు పెట్టి నడిపాం. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక శనివారం పొద్దున ఐదూ ఒకేసారి ఆగిపోయాయి. ఐదు ఖాతాలూ ఒకే సర్వర్ నుంచి వస్తున్నాయని పట్టుకోవడం వాళ్లకి ఎంతసేపు? డబ్బు కట్టి వాడుకుంటాం మొర్రో అన్నా పది రోజుల దాకా జవాబు లేదు. ఆ పది రోజులూ డెలివరీ కుర్రాళ్లు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి దారి అడుక్కుంటూ తిరిగారు. కోటా దాటినందుకు ఆపితే గంటలోనో రోజులోనో మళ్లీ ఇస్తారు, దొంగ ఖాతాలని ఆపితే ఎవరితో మాట్లాడాలో కూడా తెలియదు.

మన కాలువల సంగతే తీసుకో. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైతే వంతులవారీగా వదులుతారు. నీది కాని రోజున తూము ఎత్తుకుంటే శివారు రైతు చేను ఎండుతుంది, ఊళ్లో గొడవ అవుతుంది. కానీ వేసవిలో కాలువలు కట్టేస్తారని తెలిసిన ఊరు ఏం చేస్తుంది? నీళ్లు వచ్చే రోజుల్లోనే మంచినీళ్ల చెరువు నింపుకుని కూర్చుంటుంది. వేరేవాళ్ల ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని సమాచారం అడిగే దారి) మీద బతికే ప్రోగ్రామ్‌కి కూడా సొంత చెరువు ఉండాలి. నీ కోడ్‌లో లేనిది అదొక్కటే.

లెక్క చూడు. నీ దగ్గర 340 చెరువులు నమోదయ్యాయి. ఒక్కోదానికి పది నిమిషాలకోసారి అడుగుతున్నావు, అంటే రోజుకి 144 సార్లు. మొత్తం 48,960. నీ ఉచిత ప్లాన్ రోజుకి వెయ్యి. నాలుగు కీలు కాదు, నలభై పెట్టినా చాలవు. ఇంతా చేసి తెచ్చుకుంటున్నది ఏమిటి? ఈ సర్వీసుల్లో చాలావాటి వెనకాల ఉండేది అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ లాంటి వాతావరణ అంచనా మోడళ్లే, అవి రోజుకి నాలుగుసార్లు నడుస్తాయి. జీఎఫ్ఎస్ అయితే మన టైం ప్రకారం ఉదయం 5:30, 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30 లెక్కలతో మొదలవుతుంది, ఫలితం బయటికి రావడానికి ఇంకో మూడు నాలుగు గంటలు పైనే పడుతుంది. మధ్యలో పది నిమిషాలకోసారి అడిగితే వచ్చేది చాలాసార్లు పాత జవాబే. పైగా ఆ మోడల్‌కి నీ చెరువు వేరు, పక్కవాడి చెరువు వేరు అని తెలియదు, అది కిలోమీటర్ల వెడల్పున్న గళ్లలోనే చూస్తుంది.

కాబట్టి అక్షాంశం, రేఖాంశం రెండింటినీ ఒక్క దశాంశ స్థానానికి కుదించు, అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. నీ ఫైల్ తీసుకుని నేనే చేసి చూశాను, 340 చెరువులూ తొమ్మిది గళ్లలో సర్దుకున్నాయి. మూడు గంటలకోసారి తొమ్మిది ప్రశ్నలు, రోజుకి 72. తెచ్చినదాన్ని నీ డేటాబేస్‌లో పెట్టుకో, రైతు ఫోన్ నీ సర్వర్‌నే అడగాలి, వాళ్ల సర్వర్‌ని కాదు. ఇప్పుడు నీ కీ ఏకంగా యాప్‌లోనే ఉంది, యాప్ విప్పి చూసినవాడెవడైనా దాన్ని ఎత్తుకుపోవచ్చు, అదీ దీంతో తీరిపోతుంది.

మన దగ్గర చెరువులో ఉన్నది నిన్నటి నీళ్లయితే నిన్నటివనే చెప్పాలి. సర్వీసు పలకనప్పుడు పాత అంచనా చూపించు, కానీ "ఉదయం 6 గంటల అంచనా" అని దాని పక్కనే పెద్ద అక్షరాల్లో రాయి. ఆ అంకె చూసి ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యాలో వద్దో ఒక మనిషి రాత్రి నిర్ణయించుకుంటాడు.

తర్వాత టైం. నాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే. నీ స్క్రీన్ మీద "నేటి వర్షపాతం" అని ఉంది. ఎవరి నేడు? ఆ సర్వీసు యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైం) ఇస్తోంది, వాళ్ల రోజు మనకి ఉదయం 5:30కి మొదలవుతుంది. నువ్వేమో వచ్చిన తేదీలో మొదటి పది అక్షరాలు కోసి రోజు అంటున్నావు. ఆగస్టు 17 రాత్రి 23:00 అని వాళ్లు రాస్తే అది మనకి 18 తెల్లవారుజామున 4:30. సరిగ్గా రైతు భయపడే వేళ కురిసిన వాన నీ యాప్‌లో నిన్నటి ఖాతాలో పడుతోంది! అదీ కాక మన వాతావరణ శాఖ 24 గంటల వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా కడుతుంది, కాబట్టి పేపర్లో వేసిన అంకెతో నీ అంకె కలవదు, కలవలేదని రైతు నిన్నే అనుమానిస్తాడు. గంటల లెక్క తెచ్చుకుని యూటీసీలోనే దాచుకో, చూపించేటప్పుడు మాత్రం మన టైంకి మార్చు, మార్చేటప్పుడు ఐదు గంటలో ఆరు గంటలో కలిపి సరిపెట్టకు, ఆ అరగంట ఉండాల్సిందే. "నేడు" అన్న మాట తీసేసి "రాత్రి 2 నుంచి ఉదయం 8 లోపు" అని రాస్తే ఎవరికీ గందరగోళం ఉండదు.

ఊరి పేర్లు. నరసాపురం అని కొడితే ఒకసారి మెదక్ జిల్లా నర్సాపూర్ వచ్చిందన్నావు కదా, ఇంగ్లీషులో రెండూ దాదాపు ఒకటే అయితే అది మాత్రం ఏం చేస్తుంది. పేరు పెట్టి వెతికించకు. చెరువు గట్టు మీద నిలబడి రైతు ఒక్కసారి బటన్ నొక్కితే ఫోన్‌లోని జీపీఎస్సే చెబుతుంది, ఇక జన్మలో అడగక్కర్లేదు. తప్పదనుకుంటే ఊరి పేరు ఇస్తే అక్షాంశ రేఖాంశాలు చెప్పే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల నామినేటిమ్ ఉంది, సెకనుకి ఒకటికి మించి అడగకూడదు, నీ యాప్ పేరు ప్రతి రిక్వెస్ట్‌లో చెప్పాలి, వచ్చినవి దాచుకోమని వాళ్లే అంటారు. అందరూ అలా అనరు, గూగుల్ జియోకోడింగ్‌లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలు 30 రోజులకి మించి ఉంచుకోకూడదని షరతు. షరతుల పేజీ ఒకసారి పూర్తిగా చదువు, విసుగొచ్చినా చదువు. ఇంకోటి, జియోజేసన్‌లో (మ్యాప్ సమాచారం రాసే ఒక పద్ధతి) రేఖాంశం ముందు వస్తుంది, చాలా సర్వీసుల్లో అక్షాంశం ముందు. అవి తారుమారైతే 16.5, 81.5 మీదున్న భీమవరం ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. వచ్చిన ప్రతి జతనీ "అక్షాంశం 16కీ 17.5కీ మధ్యే ఉందా" అని తనిఖీ చేసే రెండు లైన్లు రాసుకో.

429 వస్తే ఏం చెయ్యాలి? ఇప్పుడు నీ కోడ్ వెంటనే మళ్లీ అడుగుతోంది, అది మూసిన తూము మీద గుద్దడమే. జవాబుతో పాటు రిట్రై-ఆఫ్టర్ అనే హెడర్ (ఎంతసేపు ఆగాలో చెప్పే చీటీ) వచ్చిందేమో చూడు, అందులో ఒక్కోసారి సెకన్లు ఉంటాయి, ఒక్కోసారి పూర్తి తేదీ, టైం ఉంటాయి, రెండూ చదవగలగాలి. అది లేకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అలా పెంచుకుంటూ ఆగు, ప్రతిసారీ కొంచెం ర్యాండమ్‌గా కలుపు, లేకపోతే నీ తొమ్మిది గళ్లూ ఒకే సెకనులో మళ్లీ తలుపు కొడతాయి. ఐదుసార్లకి రాకపోతే వదిలేసి పాతదే చూపించు. పని సరిగ్గా ఆరింటికి పెట్టకు, ప్రపంచమంతా గంట కొట్టగానే అడుగుతుంది, 6:07కి పెట్టుకో. కొన్ని సర్వీసులు 200 (అంటే అంతా సవ్యం) అని ఇచ్చి లోపల మాత్రం "పరిమితి దాటింది" అని రాస్తాయి, కాబట్టి కోడ్ నంబర్ ఒక్కటే చూసి నమ్మకు. వచ్చిన జవాబు వచ్చినట్టు వారం రోజులు దాచుకో, ఏదో తేడా వచ్చిన రోజు అదే నిన్ను కాపాడుతుంది.

రోజు కోటా ఎప్పుడు తిరిగి మొదలవుతుందో కూడా చూసుకో. యూట్యూబ్‌ది పసిఫిక్ టైం అర్ధరాత్రికి, మనకి అది వాళ్ల ఎండాకాలంలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. చేపల మేత వీడియోలు యాప్‌లో పెడతానన్నావుగా, అప్పుడు గుర్తుంచుకో.

ఎస్సెమ్మెస్‌ల దగ్గర డబ్బు పోతోంది నీకు. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. "రొయ్యలు" మనకి మూడు అక్షరాలు, అక్కడ ఏడు: ర, దానికి ఒత్వం, య, పొల్లు, మళ్లీ య, ల, కొమ్ము. 71 అయిందంటే రెండు మెసేజ్‌ల డబ్బు, అప్పుడు ఒక్కోదానికి 67 మాత్రమే. నీ హెచ్చరిక 74 ఉంది, "దయచేసి" తీసేస్తే సరిపోతుంది, రాత్రి రెండింటికి వచ్చే హెచ్చరికలో ఆ మాట లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. మార్చాక మళ్లీ డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల నమూనాలు ముందే నమోదు చేసే చోటు) టెంప్లేట్ నమోదు చేయించు, నమోదైనదానికీ పంపినదానికీ తేడా ఉంటే మధ్యలోనే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలుపెట్టిన రోజు బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారం పాటు వాయిదా వెయ్యాల్సి వచ్చింది. వానాకాలం నడిమధ్యలో టెంప్లేట్ మార్చకు, వైశాఖంలోనే చేసి పెట్టుకో.

పంపినప్పుడు టైమవుట్ వచ్చిందంటే మెసేజ్ వెళ్లలేదని కాదు, జవాబు మన దాకా రాలేదని మాత్రమే. ప్రతి హెచ్చరికకీ నీ సొంత నంబర్ ఒకటి పెట్టుకుని పంపే ముందే రాసుకో, అప్పుడు ఒకే హెచ్చరిక రెండుసార్లు వెళ్లకుండా చూసుకోవచ్చు. చందా డబ్బుకి కూడా అంతే, రేజర్‌పేలో మొత్తం పైసల్లో పంపాలి (499 రూపాయలంటే 49900), ఒకే చెల్లింపు కబురు రెండుసార్లు రావచ్చు, ఈవెంట్ ఐడీ చూసి రెండోది వదిలెయ్.

ధవళేశ్వరం నీటిమట్టం కూడా పెడతానన్నావు. పెట్టు, కానీ నిమిషానికోసారి నీటిమట్టం చూపించే వెబ్ పేజీ లాగకు. వరద రోజున రెండో హెచ్చరిక పడగానే జిల్లా అంతా అదే తెరుస్తుంది, అప్పుడు నువ్వూ నీ ప్రోగ్రామూ కలిసి దాన్ని ఇంకా నెమ్మది చెయ్యకూడదు. గంటకోసారి చాలు. 11.75, 13.75, 17.75 అడుగులు అని మనం అనుకునే మూడు హెచ్చరికలూ బ్యారేజీ గేజీ లెక్క, కేంద్ర జలసంఘం వాళ్లు సముద్రమట్టం నుంచి మీటర్లలో చెబుతారు. రెండింటి సున్నా ఒకటి కాదు, అడుగులు మీటర్లు చేసి పోల్చావంటే తప్పుడు హెచ్చరిక వెళ్తుంది.

ఇంకొక్కటి. ప్రతి బయటి సర్వీసునీ ఒక్కో ఫైల్లో పెట్టు, మిగతా కోడ్‌కి దాని పేరు కూడా తెలియకూడదు. డార్క్ స్కై అని మంచి వాతావరణ ఏపీఐ ఉండేది, 2020లో యాపిల్ కొనుక్కుంది, 2023 మార్చి 31న ఆపేశారు. ముందే చెప్పారు, అయినా ఆ పేరు వంద చోట్ల రాసుకున్నవాళ్లు నానా తిప్పలూ పడ్డారు. నీ కోడ్‌లో ఇప్పుడు ఆ సర్వీసు పేరు 31 చోట్ల ఉంది.

ముందు కీలు తీసెయ్, తర్వాత గళ్లు, తర్వాత టైం. మిగతావి ఆదివారం కలిసి చేద్దాం, లాప్‌టాప్ తెచ్చుకో, పదింటికల్లా వచ్చెయ్, మీ అత్త పులస లేకపోయినా కొరమేను పులుసు పెడతానంటోంది.

మీ మావయ్య
పాలకొల్లు