సర్వర్ మదర్‌బోర్డు రాకపోతే లాగకండి, వెతకండి

రాక్ సర్వర్ మదర్‌బోర్డు తీయడానికి రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్ ఛార్జ్‌ను బయటికి పంపే మణికట్టు పట్టీ) తప్పనిసరా, ఇంకేం చూసుకోవాలి అని అడిగారు. కట్టుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే దొరుకుతుంది. మన హైదరాబాద్ చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది, ఏసీ గదిలో మరీనూ. అందుకే ఒంట్లో స్టాటిక్ పోగవుతుంది. కాకపోతే దాని క్లిప్పును ఛాసిస్‌లో (సర్వర్ లోహపు పెట్టెలో) పెయింట్ లేని చోట తగిలించాలి. క్లిప్పు గాలికి వదిలేసి, స్ట్రాప్‌ను గాజులా వేసుకుని తిరిగే ఇంజనీర్లు బోలెడుమంది. నన్నడిగితే స్టాటిక్ వల్ల పోయే బోర్డులు తక్కువ, తొందరవల్ల పోయేవే ఎక్కువ.

మాదాపూర్‌లో ఒక ఆఫీసుకు డెల్ సర్వర్ బోర్డు మార్చడానికి వెళ్లాం. సర్వర్ ఆపుకునే డౌన్‌టైమ్ అర్ధరాత్రి దాటాకే ఇచ్చారు. ఆ వేళకు కింద టీ కూడా దొరకదు, అదో బాధ. నాతో వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. చాలామంది ఒక పవర్ కార్డు పీకి రెండోది మర్చిపోతారు, వాడు రెండూ పీకాడు. పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, మిగిలిన ఛార్జ్ కూడా పోగొట్టాడు. ష్రౌడ్ (గాలిని దారిలో పెట్టే ప్లాస్టిక్ మూత), రైజర్లు (కార్డులు గుచ్చే చిన్న బోర్డులు), ర్యాములు అన్నీ తీశాం. బోర్డు మాత్రం కదల్లేదు.

"అన్నా, ఇరుక్కుంది. స్క్రూడ్రైవర్ పెట్టి లేపనా?" అన్నాడు. వెనక మేనేజరుగారు ఫోన్‌లో "ఇంకో ఐదు నిమిషాలు సార్" అని ఎవరికో మాటిచ్చేస్తున్నారు. ఇలా నెత్తిమీద నిలబడేవాళ్లను సర్వర్ రూమ్‌లోకి రానివ్వకూడదని నా అభిప్రాయం.

టార్చి వేసి చూస్తే, ముందు ప్యానెల్‌కు వెళ్లే సన్నటి కేబుల్ ఒకటి ఇంకా బోర్డుకే ఉంది. దాని లాచ్ నొక్కితే తప్ప కనెక్టర్ ఊడదు. అది తీసి, బోర్డును కదలకుండా పట్టి ఉంచే ప్లంజర్ పైకి లాగి, బోర్డును ఛాసిస్ ముందు వైపుకు జరిపాం. వెనక పోర్టులు వాటి కంతల్లోంచి బయటికి వచ్చాయి, బోర్డు కొంచెం ఏటవాలుగా తేలిగ్గా లేచింది. బోర్డుకు ఉన్న పిడి, అంటే హోల్డర్ పట్టుకునే ఎత్తాలి. ర్యామ్ స్లాట్లు, హీట్‌సింక్ (ప్రాసెసర్‌ను చల్లబరిచే లోహపు దిమ్మ) పట్టుకుని ఎత్తారో, అయిపోయినట్టే.

అసలు ప్రాణం ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఉంది. 2017 నాటి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు జియాన్ స్కేలబుల్‌లో ప్రాసెసర్ హీట్‌సింక్‌తో కలిసే పైకి వస్తుంది. టీ30 టార్క్స్ (నక్షత్రం మొన) బిట్‌తో, లేబుల్ మీద ముద్రించిన వరుసలోనే స్క్రూలు వదులు చేయాలి. కింద సాకెట్‌లో 3647 పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా ఆ బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు. కొత్త బోర్డు సాకెట్ కవర్లు తీసి వెంటనే పాతదానికి వేయండి. ఒక వెండర్ అయితే కవర్ లేదన్న వంకతో పాత బోర్డు వెనక్కి తీసుకోనన్నాడు, నెల రోజులు ఈమెయిళ్లు నడిచాయి.

విప్పే ముందు కేబుళ్లు, డిస్కుల వరుస ఫోటో తీసుకోండి. అడ్మిన్‌ను మాత్రం ఒక్కటి అడగండి: బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉందా? బోర్డుతో పాటు ఆ తాళం చెవిని కాపాడే టీపీఎం చిప్ మారితే బూట్‌లో రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎవరి దగ్గరుందో తేలాకే సర్వర్ మూత తెరవండి.